తాతల తుపాకి – గురుడిచ్చిన లింగము

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



గడచిన మహానవమినాడు మా ప్రాంతమున ఒక భక్తుని ఇంటికి శివపూజకు పోయితిని. వారిది వ్యవసాయకుటుంబము. ఆయుధపూజ సందర్భముగా నట్టింట ఒక పీటపై నాగటికఱ్ఱు, కొడవండ్లు, గొడ్డలి, ట్రాక్టరు తాళపుచెవి అమర్చియుండిరి. వానినడుమ ఒక పాత రైఫిలు కనబడెను. దాని కొయ్యభాగమునకు నూనె రాచి నిగనిగలాడునట్లు చేసిరి. ఇనుపగొట్టముపై మూడు విభూతిరేఖలు తీర్చి చేమంతిదండ చుట్టిరి.

పూజ ముగిసిన తరువాత ఆ ఇంటి చిన్నవాడు నాయొద్ద కూర్చుండెను. పట్టణమున చదివినవాడు, వినయశీలి, నిత్యము లింగపూజ చేయువాడు. అతడిట్లడిగెను: "అయ్యా, ఇది మా ముత్తాతగారి తుపాకి. మా తాతగారు దీనితో జింకలను వేటాడేవారట. ఆయన చేతి గుర్తులు ఇంకా ఈ కొయ్యమీద ఉన్నాయి. ఒక్కసారైనా దీన్ని పట్టుకొని ఆయన తిరిగిన బీళ్లలో తిరగాలని ఉంది. మేము మాంసం ముట్టం. జింకలేమో శనగచేను మొలక కూడా మిగల్చడం లేదు. పంట తినే జింకను కొడితే తప్పేమిటి? కన్నప్ప కూడా వేటగాడే కదా?"

తండ్రి ప్రక్కనే నిలిచియుండెను. కుమారుని వారింపలేదు. "వాడు అడిగింది నా మనసులో మాటే, అయ్యా" అని తల వంచుకొనెను.

నేను ఆనాడు ఉత్తరమీయలేదు. ప్రసాదము స్వీకరించి మౌనముగా ఇంటికి వచ్చితిని. శాస్త్రము తెలియక కాదు. ఆ ప్రశ్నకు సమాధానము నా నోట రావలెనన్నచో ముందుగా నా దోషము నేను చెప్పుకొనవలెను. ఏబదియేండ్లకు పైగా దానిని ఎవరికిని చెప్పలేదు. ఈనాడు మీ అందరియెదుట చెప్పుచున్నాను. చెప్పిన పిదప ధర్మమును విచారింతము.

బండిచాటున

మాది నిజాము కాలమునుండి పటేలగిరి నెరపిన లింగాయతకుటుంబము. ఆ అధికారముతోపాటు మా ముత్తాతకు ఒక రైఫిలు సంక్రమించెను. ఆయననుండి అది మా తాతకు వచ్చెను. దొంగలనుండి ఊరిని, అడవిపందులనుండి చేలను కాపాడుటకని దానిని ఉంచుకొనిరి. కాని అది కాపుదలకంటె వేటకే ఎక్కువగా ఉపయోగపడెను. అధికారులు వచ్చిరనిన విందు కావలెను. విందనిన జింక కావలెను. మా ఇంట ఎవరును మాంసము ముట్టరు. వేటమాంసము మా గడప దాటి లోనికి వచ్చెడిది కాదు. అతిథుల గుడారమునకు కొంత, జీతగాండ్ర ఇండ్లకు కొంత పోయెడిది. కావున మాకు దోషమంటదని మా పెద్దలు భావించిరి. కొమ్ములు మాత్రము చావడిగోడకు ఎక్కినవి.

1966వ సంవత్సరమున నాకు పదునైదేండ్లు నిండినవి. ఆ యేటి చలికాలమున తాత నన్ను తనవెంట తీసికొనిపోయెను. మంజీరానదికి చేరువనున్న నల్లరేగడి బీళ్లలో ఆ రోజులలో కృష్ణజింకలు మందలుగా తిరిగెడివి. శాస్త్రజ్ఞులు కృష్ణజింకను దుప్పిజాతిలో చేర్చరు. దుప్పికొమ్ములు కొమ్మలువేసి, కాలమునకు రాలి, మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు మెలికలు తిరిగి జీవితాంతము నిలుచును. మనవారు రెండింటిని జింకలనియే అందురు. కృష్ణజింకలలో మగదానిని ఇఱ్ఱి యనియు, ఆడుదానిని లేడి యనియు పిలుతురు.

కృష్ణజింకకు చూపు మిక్కిలి చురుకైనది. బయలున నడచివచ్చు మనుష్యుని అల్లంత దూరముననే కనిపెట్టి పరుగందుకొనును. అయితే ఎద్దులబండిని చూచి అది బెదరదు. తన మేతబీడు ప్రక్కగా బండ్లు పోవుట తరతరములుగా చూచినది. ఎద్దు తనకు కీడు చేయదని నేర్చుకొన్నది. వేటగాండ్రు ఆ నమ్మకమునే వలగా చేసికొనిరి. దక్కను పీఠభూమిలో దొరలు, జాగీర్దారులు, పటేండ్లు బండిచాటున నడచుచు జింకలను సమీపించి కాల్చుట పరిపాటిగా నుండెను. బండి తిన్నగా మందవైపు పోదు. పోవలసిన త్రోవ వేరైనట్లు మందచుట్టు తిరుగుచు, ప్రతి చుట్టునకు కొంచెము కొంచెము దగ్గరగును.

ఆనాడు నేనును ఒక ఎద్దు ప్రక్కన, దాని భుజము చాటున నడచితిని. ఆ ఎద్దు మెడలో మా అవ్వ కట్టిన గంట ఉండెను. దానిని మా ఇంట అందరును బసవన్న యని పిలుచుచుండిరి. దగ్గరకు చేరిన పిమ్మట తాత నా చేతికి రైఫిలు ఇచ్చి ఇఱ్ఱిని చూపెను. ఎడమచేతితో గొట్టమును మోసి, మడమను కుడిభుజమున కానించి, గురిచూచి మీట నొక్కితిని. ఇఱ్ఱి ఎగిరి దూకి పోయెను. దాని వెనుకనున్న లేడి కూలెను.

పరుగెత్తి చూడగా దానికి ఇంకను ప్రాణమున్నది. పొదుగునుండి పాలు కారుచున్నవి.

బండి తోలు పెద్దమనిషి అది చూచి, "కూనను ఎక్కడో దాచింది, దొరా" అని మాత్రము అనెను. లేడి ఈనిన తరువాత కొన్నాళ్లు కూనను గడ్డిలో దాచి, తాను ఎడముగా మేయుచు, పాలిచ్చుటకు మాత్రము దానియొద్దకు వచ్చుచుండును. ఆపద తోచినచో కూన కదలదు, మెదలదు. కదలకుండుటయే దానికి ప్రకృతి యిచ్చిన రక్ష. మేము మువ్వురము చీకటి పడువరకు ఆ బీడంతయు వెదకితిమి. అది కదలలేదు, మాకు కనబడలేదు. దానికి రక్షయైనదే ఆనాడు దానికి మృత్యువైనది.

మరునాడు ఉదయము స్నానము చేసి లింగపూజకు కూర్చుంటిని. ఇష్టలింగమును ఎడమ అరచేతియందు ఉంచుకొంటిని. అవ్వ విభూతిగట్టి అందించుచు నా ఎదుట నిలిచెను.

"నాయనా, నిన్న ఆ తుపాకిని మోసింది ఏ చెయ్యి?" అని అడిగెను.

"ఎడమచెయ్యి, అవ్వా" అంటిని.

"ఇప్పుడు లింగయ్య ఏ చేతిలో ఉన్నాడు?"

నేను బదులు చెప్పలేదు. ఆమెయు మరేమియు అనలేదు. ఆ దినము పూజ ఎట్లు ముగించితినో నాకు జ్ఞాపకము లేదు. అరచేతిలోని లింగము మాత్రము మునుపెన్నడును లేనంత బరువుగా తోచినది.

తాత ఆ తుపాకిని పెట్టెలో పెట్టి తాళము వేసెను. మరల వేటకు పోలేదు. కాని మా దోషము అంతటితో తీరలేదు. ఆయన తరువాత మా నాయనగారు, ఆ పిమ్మట కొన్నాళ్లు నేనును, ఏటేటా మహానవమికి ఆ పెట్టె తెరచి, తుపాకికి నూనె రాచి, విభూతి దిద్ది పూజించితిమి. కాల్చినది ఒక క్షణకాలపు తప్పు. పూజించినది ఏండ్లతరబడి చేసిన తప్పు. మొన్న ఆ భక్తుని నట్టింట నేను చూచినది వారి తుపాకిని కాదు, నా తుపాకినే.

కరస్థలము

శరణులారా! మన మతమున దేవుడు ఎచ్చటనున్నాడు? గర్భగుడిలో కాదు, కొండకొమ్మున కాదు. గురువు అనుగ్రహించిన ఇష్టలింగరూపమున మన దేహముపైననే ఉన్నాడు. పూజాసమయమున వామకరస్థలమే ఆయనకు పీఠము. ఎడమ అరచేయి మనకు వట్టి అవయవము కాదు, అది దేవాలయము. మరణానంతరము సమాధియందు కూర్చుండబెట్టునప్పుడు కూడ లింగము ఆ అరచేతియందే ఉండును. పుట్టినది మొదలు మట్టిలో కలియువరకు లింగమునకు నెలవైన చేయి అది.

రైఫిలు పట్టినవానికి తెలియును. కుడిచేయి మీట నొక్కును, బరువు మోయునది ఎడమచేయి. లింగము వ్రేలాడు ఎదప్రక్కననే మడమ ఆనును. ఒకే అరచేయి ప్రొద్దున ప్రాణలింగమునకు పీఠమై, సాయంకాలము ప్రాణహరణమునకు పీఠము కాగలదా? ఇది మా అవ్వ అడిగిన ప్రశ్న. ఆమె షట్స్థలశాస్త్రము చదువలేదు. అయినను శాస్త్రసారము ఆమెకు తెలిసియుండెను.

శివుని పురాణరూపమును తలచుకొనుడు. దక్షిణదేశపు శిల్పములలో శివుడు ఒక చేత పరశువును, మరియొక చేత లేడిని ధరించియుండును. సాధారణముగా లేడి ఆయన ఎడమచేతనే కానవచ్చును. దారుకావనమునందలి ఋషులు అభిచారహోమము చేసి, తనను చంపుటకై పంపిన మృగమునే శివుడు చంపక చేతబట్టెనని పురాణము చెప్పును. తనపైకి హింసకై వచ్చిన ప్రాణికి సైతము ఆయన తన చేతిలో చోటిచ్చెను. మన చేతికి ఏ కీడును చేయని ప్రాణిని మనము ఆ చేతితోనే కూల్చితిమి.

ఇక బసవేశ్వరుని మాట. వృషభశబ్దమే బసవ యైనది. ఆ మహాత్ముడు నందీశ్వరుని అవతారమని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించెను. మన ఇండ్లలో ఎద్దును బసవన్న యని పిలుతుము. ఏరువాకనాడు కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి పూజింతుము. బండిచాటు వేటలో జరుగు దారుణమేమో ఇప్పుడు గ్రహింపుడు. ప్రపంచములో ఒక అమాయకప్రాణి బసవని చూచి, ఇతడు నాకు కీడు చేయడని నమ్మినది. ఆ బసవని చాటున నక్కి మనము దానిని చంపితిమి. చచ్చినది లేడి మాత్రమే కాదు. బసవని పేర లోకమునకున్న విశ్వాసము కూడ చచ్చినది. నేడు తుపాకి పట్టకపోయినను, బసవనామము చాటున నిలిచి బలహీనులను వంచించు ప్రతివాడును ఆ బండిచాటు వేటగాడే యని మరువకుడు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున బిజ్జలుని కొలువులో ఉన్నతపదవి నధిష్ఠించియు బసవేశ్వరుడు తన హృదయమును రాజసభకు తాకట్టు పెట్టలేదు. ధర్మమునకు దయయే ఆధారమని వచనములలో బోధించెను. పండుగనాడు బలికై తెచ్చిన గొఱ్ఱె తన ఆయువు ముగియనున్నదని యెరుగక తోరణపుటాకులు నములుచున్న దృశ్యమును ఒక వచనమున చూపి, వినువారి గుండె కరగించెను. అధికారియై అనేకుల విధిని నిర్ణయింపగలవాడు ఒక గొఱ్ఱె నోటిలోని ఆకును గమనించెను. దయ యనగా ఇదియే. పెద్దమాటలు పలుకుట దయ కాదు. ఎదుటి ప్రాణి నోటిలో ఏమున్నదో, పొదుగులో ఏమున్నదో చూడగలుగుట దయ.

సందేహములు – సమాధానములు

యువకుడడిగిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటిది: కన్నప్ప వేటగాడు కాడా? అవును, వేటగాడే. ఆయన కథను సోమనాథుడు బసవపురాణమున చేర్చెను. శ్రీకాళహస్తి మహిమను ఎరిగిన ప్రతి తెలుగువానికి ఆ కథ తెలియును. అయితే కన్నప్ప వేటాడుట వలన కన్నప్ప కాలేదు. వేటయే ముక్తిమార్గమైనచో ఆ అడవిలోని బోయలందరును ముక్తులు కావలసినదే. ఆయనకు తెలిసిన జీవనము వేట, ఆయనకు దొరికిన ఆహారము మాంసము. తనకున్న దానిలో శ్రేష్ఠమైనదానిని కపటమెరుగక శివునికి అర్పించెను. తుదకు శివుని కంట రక్తము చూచి, మరియొక ప్రాణి కన్ను తేలేదు, తన కన్నునే పెకలించి యిచ్చెను. కన్నప్పను కన్నప్పగా చేసినది ఆ బాణమే, కాని మృగముపై వేసిన బాణము కాదు, తన కంటిపై మోపిన బాణము. అన్నమునకు కొదువలేనివారము, ధర్మాధర్మములు విన్నవారము, మెడలో లింగము గలవారము కన్నప్ప పేరు చెప్పి లేడిపై గురిపెట్టుట ఆ భక్తునికే అపచారము.

రెండవది: మేము మాంసము తినము కదా? బంధువులారా, మా ఇంటి మోసము ఇదియే. మాంసము మా గడప దాటలేదు, నిజమే. పాపము దాటెను. తినువాడు ఆకలికై చంపెననవచ్చును. తినక చంపిన మేము దేనికై చంపితిమి? గోడపై కొమ్ములకై, అధికారుల మెప్పుకై, పటేలను పేరుకై. శాకాహారము మనకు నోటి నియమము మాత్రమే కాదు, అది చేతి నియమము, చూపు నియమము కూడ. నోరు కడిగికొని చేతిని మరచినచో అది సదాచారము కాదు.

మూడవది: పంట మాటయేమి? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. రైతు కష్టమెరుగని దయ దయ కాదు. కర్నూలు ప్రాంతమున రొళ్లపాడునందు 1988లో అభయారణ్యము ఏర్పడెను. అచ్చట కృష్ణజింకలు పెరిగి, చుట్టుపట్ల చేలపై పడుట రైతులకు బాధాకరమైనది. నారాయణపేట దిక్కున కృష్ణాతీరపు రైతులును ఇదే గోడు చెప్పుదురు. ఒక్క రాత్రిలో మందపడి మొలక మేసినచో ఆ కుటుంబపు యేడాది ఆశ పోవును. కాయకమే కైలాసమని నమ్మిన మనము కాయకఫలమును కాపాడుకొనవలదని నేననను.

అయితే కాపాడుట వేరు, చంపుట వేరు. మన పెద్దలు చేనిగట్టున కుసుమను సాళ్లుగా విత్తెడివారు. దాని ముండ్లకు పశువులు, మృగములు వెనుదీయును. మంచె కట్టి కావలియుండెడివారు. ఒడిసెలతో, డప్పుతో అదలించెడివారు. ఇరుగుపొరుగు రైతులు వంతులవారీగా రాత్రి కావలి కాచెడివారు. ఇవి శ్రమతో కూడినవి. అందుకే వీనిని కాయకమనవచ్చును. తూటా శ్రమలేనిది. అటవీశాఖకు అర్జీ పెట్టి నష్టపరిహారము కోరుటయు, పదిమంది కలిసి కంచెకై ప్రభుత్వమును అడుగుటయు మన హక్కులే. అయినను నేను నిజము చెప్పవలెను. ఆ యువకుని ప్రశ్నలో పంట రెండవ కారణము. మొదటి కారణము తాత చేతిగుర్తులున్న కొయ్య. పంటకై తుపాకి పట్టలేదు, తుపాకికై పంటను సాకుగా తెచ్చినాడు. మేమును ఒకనాడు అట్లే చేసితిమి.

నాలుగవది అడుగకనే అడిగిన ప్రశ్న: పెద్దలిచ్చినదానిని ఎట్లు విడుచుట? దీనికి సమాధానము బసవేశ్వరుని బాల్యముననే కలదు. బాగేవాడి అగ్రహారమున మాదిరాజు ఇంట పుట్టిన ఆ బాలుడు, తండ్రి తలపెట్టిన ఉపనయనమును నిరాకరించెను. అది తండ్రిపై ద్వేషము కాదు. తరతరములుగా వచ్చినదగుటచేతనే ఒకటి ధర్మము కానేరదని ఆయన ఎరుక. జందెమునే తూచి చూచిన మహాత్ముని అనుయాయులము మనము. తుపాకిని తూచి చూడలేమా?

ఇంకొక రహస్యమును గమనింపుడు. మన మతమున ఇష్టలింగము తండ్రినుండి కొడుకునకు ఆస్తివలె రాదు. ఎవరి లింగము వారిదే. గురువు ప్రతి శిశువునకు, ప్రతి శిష్యునకు విడివిడిగా అనుగ్రహించును. దేహము పడినప్పుడు ఆ లింగము ఆ దేహముతోనే సమాధికి పోవును. తాతగారి లింగమును మనుమడు ధరింపడు. తాతగారి పొలము వచ్చును, ఇల్లు వచ్చును, తుపాకి వచ్చును, లింగము మాత్రము రాదు. ఏల? భక్తి వారసత్వము కాదు గనుక. ప్రతి తరము తన చేతిని తాను చాచి, లింగమును తాను పుచ్చుకొనవలెను. వారసత్వముగా వచ్చినదెల్లను ఆ చేతికి తగునో తగదో తానే పరీక్షింపవలెను.

చిత్రమేమనగా ప్రభుత్వశాసనము కూడ ఇట్లే చెప్పుచున్నది. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము తుపాకి లైసెన్సు తండ్రి మరణించిన వెంటనే కొడుకునకు దానంతట రాదు. వారసుడు తన పేర అనుమతి పొందవలెను. లేనిచో ఆ తుపాకిని ఆలస్యము చేయక పోలీసుఠాణాలోగాని, లైసెన్సుగల వ్యాపారియొద్దగాని అప్పగింపవలెను. ఇక వేట మాట. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణచట్టము జింకల వేటను నిషేధించినది. కృష్ణజింక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో చేరియున్నది. దానిని చంపినవానికి ఏడేండ్లవరకు కారాగారశిక్ష కలదు. పంట మేసినదను కారణముచేత దానిని చంపుటకు ఆ చట్టమున చోటు లేదు. తెలంగాణ 2014లో జింకను, ఆంధ్రప్రదేశ్ 2018లో కృష్ణజింకను రాష్ట్రజంతువులుగా స్వీకరించినవి. కాని శరణునకు శిక్షాభయము చాలదు. రాజస్థానములో బిష్ణోయిసమాజమువారు పదునైదవ శతాబ్దమున తమ గురువు జాంభేశ్వరుడు చెప్పిన నియమములను ఆచరించుచు, ఏ చట్టమును లేని కాలమునుండియే కృష్ణజింకలను తమ పొలములలో మేయనిచ్చి కాపాడుచున్నారు. వారును రైతులే. వారికిని పంట ప్రియమే.

ఆ బోయకు గల దయ

శివరాత్రి మాహాత్మ్యములో ఒక బోయవాని కథ కలదు. మీరందరును విన్నదే. ఈనాడు మరల వినుడు.

ఆకలిగొన్న కుటుంబమునకై ఆ బోయవాడు చీకటిలో నీటియొడ్డున మారేడుచెట్టెక్కి పొంచియుండెను. చెట్టుక్రింద శివలింగమున్నదని అతడెరుగడు. నీటికి వచ్చిన లేడిపై బాణమెక్కుపెట్టగా, ఆకులును నీటిబొట్లును లింగముపై రాలెను. అతనికి తెలియకయే పూజ జరిగెను. లేడి అతనిని చూచి, ఇంటియొద్ద తన పిల్లలున్నారనియు, వారిని అప్పగించి మరల వత్తుననియు వేడుకొనెను. అతడు సందేహించి సందేహించి తుదకు విడిచెను. రెండవ జామున రెండవ లేడి, మూడవ జామున ఇఱ్ఱి అట్లే వేడి, అట్లే మాటయిచ్చి పోయెను. తెల్లవారుసరికి మృగములన్నియు పిల్లలతోగూడ అతనియెదుట నిలిచి, నన్ను ముందు చంపుమని ఒకదానికంటె ఒకటి ముందుకు వచ్చెను. బోయవాని చేతినుండి విల్లు జారెను. ఆ రాత్రి శివుడు మెచ్చినది ఆకులను మాత్రమే కాదు, జారిన ఆ విల్లును కూడ.

ఈ కథ విన్న ప్రతి శివరాత్రికి నేను లోలోన కుమిలితిని. ఆ బోయవాడు ఆకలితోనున్నవాడు, మంత్రమెరుగనివాడు, లింగమును చూడనివాడు. అయినను లేడికి పిల్లలను చూచి వచ్చుటకు సమయమిచ్చెను. నేను కడుపునిండినవాడను, మంత్రము విన్నవాడను, ఎదపై లింగము గలవాడను. నా లేడికి నేను సమయమీయలేదు. అదియు అడుగగోరియేయుండును. బండిచాటున నక్కినవానికి ఆ మాట వినబడదు.

తుదిమాట

మా నాయనగారు లింగైక్యులైన కొన్ని సంవత్సరములకు నేను ఆ పెట్టెను తెరచి, తుపాకిని ఠాణాలో అప్పగించి రసీదు తీసికొంటిని. ఇంటికి వచ్చి, చావడిగోడపైనున్న కొమ్ములను దింపి అటవీశాఖవారికి ఇచ్చితిని. ఖాళీ పెట్టెను మాత్రము ఉంచుకొంటిని. ఈనాడు అందులో మా అవ్వ విభూతిగట్టి, ఆమె చదివించుకొన్న వచనముల పుస్తకము ఉన్నవి. మా మనుమలకు ఆ పెట్టె సంక్రమించును. పెద్దలిచ్చినదానిని నేను పారవేయలేదు. దానిలో ఉండదగినదేదో మార్చితిని.

ఆ భక్తుని ఇంటికి మొన్న మరల పోయితిని. ఇప్పుడు మీకు చెప్పినదంతయు వారికి ముందుగా చెప్పితిని. విని యువకుడు చాలసేపు పలుకలేదు. పిమ్మట, "అయ్యా, ఆ కూన దొరకనే లేదా?" అని అడిగెను. దొరకలేదంటిని. అతని కన్నులు చెమర్చినవి. నేను అంతకుమించి బోధింపలేదు. ఆ తుపాకి లైసెన్సు ఇంకను వారి తాతగారి పేరుననే ఉన్నదని తండ్రి ఒప్పుకొని, ఠాణాకు పోయి అప్పగింతుమనెను. మరుసటి మహానవమికి పీటపై నాగటికఱ్ఱు చాలునని ఇల్లాలు అనెను.

బంధువులారా! మీ ఇండ్లలో పాత తుపాకులుండకపోవచ్చును. కాని తాతలనాటి కోపములు, తాతలనాటి వైరములు, ఫలానావారిని గడప దాటనీయరాదను తాతలనాటి గర్వములు నూనె రాచి భద్రపరచియుండవచ్చును. అవియు గురిపెట్టిన ఆయుధములే. వానికి విభూతి దిద్దినంతమాత్రమున అవి శైవములు కావు.

రేపు ప్రాతఃకాలమున లింగమును అరచేత ఉంచుకొన్నప్పుడు ఒక్క క్షణము ఆ అరచేతిని చూచుకొనుడు. నిన్న ఈ చేయి దేనిని మోసినదని అడుగుడు. లజ్జలేక బదులు చెప్పగలిగిననాడు పూజ సఫలము. చెప్పలేకపోయినచో ఆ లజ్జనే పుష్పముగా సమర్పింపుడు. కూడలసంగమేశ్వరుడు దానిని త్రోసిపుచ్చడు.

సకలప్రాణులకు మేలు కలుగుగాక!

శరణు శరణార్థి.